అయ్యలసోమయాజుల లలిత: మన తొలి మహిళా ఇంజనీర్



పదో తరగతి పరీక్షలు దగ్గర పడేకొద్దీ పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. అమ్మాయిని ఏ గ్రూపులో చేర్పించాలి? అబ్బాయి విషయంలో ఇంత ఆలోచన కనిపించదు. లెక్కలు కాస్త వస్తే చాలు, ఎంపీసీ, ఆ తర్వాత ఇంజనీరింగ్ అని ముందే అనుకుని వస్తారు. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి గురించి కూడా కాలేజీ ఎంత దూరం, హాస్టల్ ఎలా ఉంటుంది, బెంగళూరులో ఉద్యోగం వస్తే ఒంటరిగా ఎలా పంపాలి, పెళ్లయ్యాక ఇవన్నీ సాగుతాయా అని అడుగుతారు. ఇవి ప్రేమ వల్ల, భయం వల్ల వచ్చే ప్రశ్నలు. వాటిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇవే ప్రశ్నలను ఎనభై ఏళ్లకు పైగా వెనక ఒక తెలుగు కుటుంబం ఎదుర్కొంది. అప్పుడు మన కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. మన వైపు కుర్రవాళ్లు ఇంజనీర్లు కావాలంటే వెళ్లే పెద్ద కాలేజీ మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీ. ఆ కాలేజీలో చేరిన మొదటి అమ్మాయి, మన దేశంలో తొలి మహిళా ఇంజనీర్‌గా పేరు పొందిన ఆవిడ, మన తెలుగావిడే. పేరు అయ్యలసోమయాజుల లలిత. ఈ నెల మీకు ఆవిడ జీవితం చెప్పాలని ఉంది.

పదిహేనేళ్లకు పెళ్లి

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. సరిగ్గా మూడు నెలల ముందు, అదే సంవత్సరం మే 27న, అదే మద్రాసు నగరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు కన్నుమూశారు. వితంతువులకు మళ్లీ పెళ్లిళ్లు చేయించి, ఆడపిల్లలకు బడులు పెట్టించి, ఊరి పెద్దల కోపాన్ని భరించిన మనిషి ఆయన. ఆయన పనిచేసి వెళ్లిన తర్వాత కూడా ఆడపిల్లల పరిస్థితి ఎంత మారిందో, ఎంత మారలేదో లలిత జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆవిడ తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఏడుగురు పిల్లల్లో లలిత ఐదో సంతానం. అబ్బాయిలు ఇంజనీరింగ్ చదివారు. అమ్మాయిల చదువు మాత్రం కాస్త చదవను రాయను వచ్చేదాకా సాగి ఆగింది. ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఇల్లే అలా ఉంటే, ఆ రోజుల్లో మిగతా ఇళ్ల సంగతి మీరే ఊహించుకోవచ్చు.

లలితకు పదిహేనో ఏట పెళ్లి చేశారు. పెళ్లయినా పదో తరగతి దాకా చదువు ఆగకూడదని తండ్రి పట్టుపట్టారు. ఆ రోజుల్లో అదే పెద్ద విషయం. 1937లో ఆవిడకు పాప పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త చనిపోయారు. అప్పటికి లలిత వయసు పద్దెనిమిదేళ్లు.

ఆ వయసు వితంతువుకు ఆ కాలంలో ఏం మిగిలేదో మన ఇళ్లలోని ముసలమ్మలను అడిగితే చెబుతారు. తెల్లచీర, వంటిల్లు, శుభకార్యాలకు దూరంగా ఒక గది. ఎవరో ఒకరి మీద ఆధారపడి బతకడం. చాలామంది జీవితాలు అక్కడే ఆగిపోయాయి. లలిత మాత్రం పాపను ఎత్తుకుని పుట్టింటికి తిరిగి వచ్చారు. మళ్లీ చదువుకోవాలని, తన కాళ్ల మీద తాను నిలబడాలని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయానికి తండ్రి అడ్డు చెప్పలేదు, వెనక నిలబడ్డారు. ఆవిడ మద్రాసులో ఆడపిల్లల కోసమే నడిచే క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చేరి ఫస్ట్ క్లాసులో పాసయ్యారు.

డాక్టరు కాదు, ఇంజనీరు

ఇక్కడ మనం కొంచెం ఆగాలి. చదువుకున్న ఆడవాళ్లకు అప్పుడు ఎక్కువగా తెరిచి ఉన్న దారులు రెండు: టీచరు ఉద్యోగం, డాక్టరు చదువు. మద్రాసులో ఆడవాళ్లు డాక్టర్లు కావడం అప్పటికే మొదలైంది. మన ఇళ్లలో నేటికీ మంచి మార్కులు వచ్చిన అమ్మాయికి ముందు వినిపించే మాట బైపీసీయే కదా. అమ్మాయికి అదే గౌరవంగా, భద్రంగా ఉంటుందని మన నమ్మకం.

లలిత డాక్టరు చదువు వద్దనుకున్నారు. కారణం చాలా మామూలుది. డాక్టరంటే అర్ధరాత్రి పిలుపు వచ్చినా వెళ్లాలి. ఇంట్లో తండ్రి లేని చంటిపాప ఉంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చే ఉద్యోగం ఆవిడకు కావాలి. తండ్రి ఇంజనీరు, అన్నదమ్ములు ఇంజనీర్లు. ఆ పని ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి ఇంట్లో చూస్తూనే ఉన్నారు. అందుకని ఇంజనీరింగ్ ఎంచుకున్నారు.

గమనించండి. పిల్లను చూసుకోవాలి కాబట్టి ఆడవాళ్లకు టెక్నికల్ ఉద్యోగాలు కుదరవని మనం అంటాం. ఆవిడ పిల్లను చూసుకోవాలి కాబట్టే టెక్నికల్ ఉద్యోగం కావాలనుకున్నారు.

అయితే గిండీ కాలేజీలో అప్పటిదాకా ఒక్క అమ్మాయి కూడా చదవలేదు. 1794లో సర్వే స్కూలుగా మొదలైన సంస్థ అది. నూట నలభై ఏళ్లు దాటినా అందులో అందరూ మగవాళ్లే. చేర్చుకోకూడదన్న నిబంధన కన్నా, అడిగినవాళ్లు ఎవరూ లేరన్నదే పెద్ద అడ్డంకి. సుబ్బారావు గారు అడిగారు. ప్రిన్సిపల్ కె.సి. చాకో గారిని కలిసి కూతురికి సీటు ఇవ్వమని కోరారు. విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ గారి అనుమతి కూడా తీసుకున్నారు. 1940లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కోర్సులో చేరారు.

వందలమంది అబ్బాయిల మధ్య

కాలేజీలో వందలమంది అబ్బాయిలు, ఒక్క అమ్మాయి. ఈ మాట వినగానే మనకు భయం వేస్తుంది. కానీ తోటి విద్యార్థులు ఆవిడను ఇబ్బంది పెట్టలేదు, సహకరించారు. కాలేజీ వాళ్లు ఆవిడ ఉండటానికి విడిగా హాస్టల్ ఏర్పాటు చేశారు. మూడేళ్ల పాపను దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచి, ప్రతి వారాంతం వెళ్లి చూసి వచ్చేవారు. చంటిపిల్లను విడిచి వారమంతా హాస్టల్‌లో చదవడం ఎంత కష్టమో ఇది చదువుతున్న అమ్మలకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పాపను కన్నబిడ్డలా చూసుకున్న ఇల్లు ఒకటి ఉంది కాబట్టే ఆ చదువు సాగింది.

కష్టం ఇంకోచోట వచ్చింది. ఎవరూ ఏమీ అనకపోయినా, సాయంత్రం హాస్టల్ గదికి వస్తే మాట్లాడటానికి మనిషి లేదు. ఆ ఒంటరితనం చూసి తండ్రి మళ్లీ ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లారు. అమ్మాయిలను కూడా చేర్చుకుంటామని కాలేజీ ప్రకటన ఇచ్చేలా ఒప్పించారు. ఆ మరుసటి ఏడాదే ఇద్దరు అమ్మాయిలు సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఒకరు లీలమ్మ జార్జ్, ఇంకొకరు పి.కె. త్రేసియా. ఒక్క ప్రకటనతో ఇద్దరు వచ్చారంటే, అంతకుముందు అమ్మాయిలకు ఆసక్తి లేదని ఎలా అనుకోగలం? రావచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ త్రేసియా గారే తర్వాత కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీర్ అయ్యారు.

అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. యూనివర్సిటీ చివరి సంవత్సరాన్ని కొన్ని నెలలు తగ్గించింది. దాంతో ఒక ఏడాది తేడాతో చేరిన ముగ్గురూ ఒకేసారి ఇంజనీర్లుగా బయటికి వచ్చారు.

వాళ్ల పట్టాల గురించి ఒక సంగతి ఉంది. సర్టిఫికెట్లు మగవాళ్లకని ముందే అచ్చు వేసి పెట్టినవి. ఇంజనీరు అంటే అతను అని తప్ప ఇంకో ఊహ లేదు. ఈ ముగ్గురి కోసం కొత్తగా అచ్చు వేయలేదు. అచ్చులో ఉన్న ‘హీ’ అనే మాటను కొట్టేసి, దాని పక్కన చేత్తో ‘షీ’ అని రాసి ఇచ్చారు. నేను ఆరో తరగతిలో సర్వనామాలు చెప్పేటప్పుడు ఈ సంగతి చెబుతుంటాను. వ్యాకరణంలో అది చిన్న మాట. ఆ ముగ్గురి విషయంలో ఆ మాట మార్చడానికి ఒక తండ్రి ఎన్నిసార్లు ఆఫీసు మెట్లు ఎక్కారో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

జమాల్‌పూర్, సిమ్లా, కలకత్తా

చదువు పూర్తవగానే లలిత బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఒక ఏడాది ప్రాక్టికల్ ట్రైనింగ్ చేశారు. రైలింజన్లు బాగుచేసే పెద్ద కార్ఖానా అది. ఆ తర్వాత సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా చేరారు. అక్కడ సోదరుడి కుటుంబం ఉండేది కాబట్టి పాపతో కలిసి ఉండటానికి వీలైంది. ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ నిర్వహించే పరీక్ష కూడా రాసి పాసయ్యారు. కొన్నాళ్లు మద్రాసులో తండ్రి పరిశోధనలకు సాయం చేశారు. కరెంటుతో పలికే సంగీత వాద్యం, పొగ రాని పొయ్యి వంటి వాటి మీద ఆయన పనిచేసేవారు.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో ఇంజనీరుగా చేరారు. ఆ ఊళ్లో కూడా ఒక సోదరుడి కుటుంబం ఉంది. ఆవిడ పనికి వెళ్లినప్పుడు పాప ఆ ఇంట్లో తన వయసు పిల్లలతో పెరిగింది. ఈ కంపెనీ తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కలిసిపోయింది. లలిత మాత్రం అక్కడే కొనసాగి, సుమారు ముప్పై ఏళ్లు పనిచేసి 1977లో రిటైరయ్యారు.

ఆవిడ చేసిన పని ఏమిటి? కరెంటును దూరప్రాంతాలకు మోసుకెళ్లే లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్‌లో ఏ పరికరం ఎక్కడ ఉండాలో ప్లాన్, వాటి రక్షణ ఏర్పాట్లు. రక్షణ ఏర్పాటు అంటే మీకు తెలిసిందే. ఇంట్లో ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ అయితే ఎంసీబీ టక్కున పడిపోయి ప్రమాదం తప్పుతుంది. అదే పని లక్షల ఇళ్లకు వెళ్లే లైన్ల మీద జరగాలి. పిడుగు పడినా, తీగ తెగినా ఆ ఒక్క భాగాన్ని మాత్రమే క్షణంలో విడదీయాలి, మిగతా ప్రాంతానికి కరెంటు ఆగకూడదు. ఎక్కడ ఒక లెక్క తప్పినా ప్రాణాలు పోతాయి. అలాంటి లెక్కలు వేసే బల్ల ముందు ఆవిడ కూర్చున్నారు. సట్లెజ్ నది మీద కట్టిన భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో కూడా ఆవిడ పాలు ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో దేశానికి వెలుగునిచ్చిన ప్రాజెక్టుల్లో అది ముఖ్యమైనది.

1953లో లండన్‌లోని అదే ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆవిడను అసోసియేట్ మెంబర్‌గా ఎన్నుకుంది. మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన సంవత్సరం అది. 1966లో ఆవిడ పూర్తి సభ్యురాలయ్యారు.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. లలిత దానికి వెళ్లారు. పాతికేళ్ల కిందట గిండీ హాస్టల్‌లో మాట్లాడటానికి తోడు లేని మనిషి, ఎన్నో దేశాల నుంచి వచ్చిన మహిళా ఇంజనీర్ల మధ్య కూర్చున్నారు. మరుసటి ఏడాది లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో సభ్యురాలయ్యారు. 1967లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జరిగిన రెండో సదస్సుకు మన దేశం తరఫు ప్రతినిధిగా పనిచేశారు.

ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతురిని చదివించారు. రిటైరైన రెండేళ్లకే, 1979 అక్టోబర్ 12న, అరవయ్యో ఏట కన్నుమూశారు.

ఇది మనకెందుకు

ఈ జీవితాన్ని ధైర్యవంతురాలి కథగా చెప్పి ఊరుకోవచ్చు. ఆవిడ ధైర్యవంతురాలే, సందేహం లేదు. కానీ తల్లిదండ్రులుగా మీరు ఆలోచించాల్సింది ఇంకొకటి ఉందని నాకు అనిపిస్తుంది.

లలితకు లెక్కలు అర్థం చేసుకునే బుర్ర పద్దెనిమిదో ఏట కొత్తగా రాలేదు. పదేళ్ల వయసులో కూడా ఆ బుర్ర ఉంది. తండ్రి ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మనిషి. అయినా కొడుకుల్ని ఇంజనీర్లను చేసిన ఇల్లు కూతురికి పదిహేనేళ్లకు పెళ్లి చేసింది. అల్లుడు చనిపోకపోయి ఉంటే ఆ తండ్రి ప్రిన్సిపల్ గదికి వెళ్లి ఉండేవారా? బహుశా వెళ్లి ఉండేవారు కాదు. మన దేశానికి ఒక ఇంజనీర్ ఉండేది కాదు, అలా ఒకరు ఉండాల్సిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడ అక్కచెల్లెళ్లకు ఎంత తెలివి ఉండేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

అది 1937. నేడు మన అమ్మాయిల చదువు గురించి ఇంకా ఒక మాట వింటుంటాను. రేపు ఏదైనా కష్టం వస్తే చేతిలో డిగ్రీ ఉండాలి అని. అంటే కష్టం రాకపోతే ఆ చదువుతో పని లేదనే కదా? అబ్బాయి చదువు గురించి ఎవరూ ఇలా అనరు. కష్టం కోసం దాచిపెట్టే వస్తువుగా కాకుండా, ఆమె చేయగల పనిగా అమ్మాయి చదువును చూడండి. నేను కోరేది అంతే.

లలిత కుటుంబం కష్టం వచ్చాక చేసిన పనులు మనం ముందే చేయవచ్చు. తండ్రి వెళ్లి అడిగారు. బంధువులు పాపను చూసుకున్నారు. అన్నదమ్ములు తాము ఉన్న ఊళ్లో ఆవిడకు చోటిచ్చారు. కాలేజీ హాస్టల్ ఇచ్చింది. ఇందులో ఏదీ అద్భుతం కాదు. మన ఇళ్లలో జరగగలిగినవే.

పైగా ఆవిడకు లేని సౌకర్యాలు మన పిల్లలకు ఉన్నాయి. అప్పుడు గిండీ దాకా వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు కర్నూలు పక్కనే జగన్నాథగట్టు మీద కేంద్ర ప్రభుత్వ ట్రిపుల్ ఐటీ ఉంది. కడప జిల్లాలో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008 నుంచి పదో తరగతి మార్కుల ఆధారంగా పిల్లలను తీసుకుంటోంది. ఐఐటీల్లో అమ్మాయిల సంఖ్య పెంచడానికి 2018 నుంచి వాళ్లకు అదనపు సీట్లు ఇస్తున్నారు. ఆ సీట్ల వల్ల అబ్బాయిలకు ఉన్నవి తగ్గవు. టెక్నికల్ కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు.

పని కూడా మన కళ్ల ముందే ఉంది. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రం, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం, గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు. వర్షం రాని మన నేల మీద ఎండే పంటగా పండుతోంది. ఆ పలకల వెనక ఉన్న లెక్కలు, సాఫ్ట్‌వేర్, గ్రిడ్ పనులు ఇవాళ తొమ్మిదో తరగతి బెంచీ మీద కూర్చున్న అమ్మాయిలు చేయగలిగినవే. అందరూ ఇంజనీర్లే కావాలని కాదు. డాక్టరు కావాలనుకునే అమ్మాయి డాక్టరే కావాలి. ఆ ఇష్టం ఆమెదై ఉండాలి, మన భయానిది కాకూడదు.

ఈ నెల ఇంట్లో చేయవలసిన పని

ఒక ఆదివారం సాయంత్రం ఈ వ్యాసం మీ అమ్మాయితో, అబ్బాయితో కలిసి చదవండి. అబ్బాయి కూడా వినాలి. రేపు అక్కకో, చెల్లెలికో, భార్యకో పక్కన నిలబడాల్సింది అతనే. తర్వాత ఇంట్లో ఫ్యూజు మార్చడమో, మిక్సీ ప్లగ్ విప్పి చూడడమో, మెయిన్ ఆఫ్ చేసి, పక్కన పెద్దవాళ్లు ఉండగా, ఈసారి అమ్మాయి చేతికి ఇవ్వండి. టెస్టర్ ఎలా పట్టుకోవాలో నేర్పండి. కరెంటు బిల్లులో యూనిట్ల లెక్క ఆమెను వేయమనండి.

వచ్చే పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు గ్రూపు గురించి మమ్మల్ని అడిగే ముందు, అమ్మాయిని ఏం చదవాలని ఉందో అడిగి రండి. ఆమె చెప్పిన జవాబు వినడానికి మేం ఎదురు చూస్తుంటాం.

— ఇంగ్లీషు టీచర్, హైస్కూల్ విభాగం